120 జీబీ నుంచి 1 టీబీకి: ఫార్మాట్ కొట్టకుండా విండోస్‌ను కొత్త డిస్కులోకి ఎక్కించడం

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర నాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. నాలుగో జనరేషన్ ఐ3, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయి సీ డ్రైవ్ ఎప్పుడు చూసినా ఎర్ర గీతే. 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొన్నాను. పేజ్‌మేకర్, అను, కోరెల్, ట్యాలీ, రెండు ప్రింటర్లు, వేలిముద్ర మెషీన్ అన్నీ ఇందులోనే సెట్ అయి ఉన్నాయి. ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయాల్సిందే అంటున్నాడు సర్వీసు అతను. ఉన్నది ఉన్నట్టు కొత్త డిస్కులోకి ఎక్కించలేమా? మా చెల్లెలి ల్యాప్‌టాప్‌కి కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?"

ఎక్కించవచ్చు తమ్ముడూ. ఫార్మాట్ అక్కర్లేదు. పాత డిస్కులో ఉన్నదంతా, బూట్ అయ్యే (అంటే ఆన్ చేయగానే విండోస్‌ను లేపే) భాగంతో సహా, కొత్త డిస్కులోకి అచ్చు దించడాన్ని క్లోన్ చేయడం అంటారు. నేను కర్నూలులో కంప్యూటర్ రిపేర్ల మీదే బతుకుతున్నవాణ్ణి. ఈ పని కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళలో డీటీపీ షాపులవాళ్ళే ఎక్కువ. కారణం మీకు చెప్పక్కర్లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి కొత్త తరం ఏదీ రాలేదు. ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. దాన్ని విండోస్ 10లో మళ్ళీ వేసి, తెలుగు టైపు కొట్టే అను కీబోర్డు కుదుర్చుకుని, ఫాంట్లన్నీ ఎక్కించి, పాత పెళ్ళి పత్రిక ఫైలు తెరిస్తే ఒత్తులు చెదరకుండా రావాలంటే రెండు రోజులు షాపు మూసుకున్నట్టే.

అలాగని మీ సర్వీసు అతన్ని పూర్తిగా తప్పు పట్టను. సిస్టమ్‌లో వైరస్ ఉంటే క్లోన్‌తో పాటు అదీ కొత్త డిస్కులోకి వస్తుంది. విండోస్ క్రాక్ కొట్టినదైతే ఆ క్రాకూ వస్తుంది. విండోస్ ఫైళ్ళే పాడై రోజూ నీలం తెర వస్తుంటే ఆ నీలం తెర కూడా భద్రంగా వస్తుంది. ఇలాంటి కంప్యూటర్ అయితే నేను కూడా ఫార్మాటే చెబుతాను. మీరు చెప్పినదాన్ని బట్టి మీకున్నది జాగా సమస్య ఒక్కటే.

ముందు టెన్షన్ తగ్గే మాట ఒకటి. క్లోన్ చేస్తున్నప్పుడు పాత డిస్కును చదవడమే తప్ప దాని మీద ఏమీ రాయరు. మధ్యలో కరెంటు పోయినా పాత డిస్కుకు నష్టం లేదు, కొత్తదాని మీద మళ్ళీ మొదటి నుంచి రాసుకుంటే సరిపోతుంది. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్ళ డేటా పోయింది వేరే చోట్ల. ఏది పాతది, ఏది కొత్తది అన్న తికమకలో ఖాళీ డిస్కును నిండు డిస్కు మీదికి ఎక్కించుకున్నవాళ్ళు కొందరు. ఉన్న ఒక్క డిస్కులోనే పార్టిషన్లు (సీ, డీ లాంటి డిస్కు భాగాలు) జరుపుతూ మధ్యలో కరెంటు పోగొట్టుకున్నవాళ్ళు కొందరు. ఎక్కువమంది మాత్రం క్లోన్ బాగా అయింది కదా అని అదే సాయంత్రం పాత డిస్కును ఫార్మాట్ చేసి, నాలుగు రోజుల తర్వాత ఏదో ఫైలు తెరుచుకోక లబోదిబోమన్నవాళ్ళే. అంటే పని చేసేటప్పుడు కన్నా పని అయ్యాక చూపే తొందరతోనే ముప్పు ఎక్కువ.

ఎప్పుడు చేయాలన్నది కూడా చూసుకోండి. మాఘం, శ్రావణం లాంటి ముహూర్తాల నెలల్లో పెట్టుకోవద్దు. ఆషాఢంలో పత్రికల పని ఎలాగూ ఉండదు, అప్పుడు పెట్టుకుంటే ఏదైనా తేడా వచ్చినా సర్దుకునే తీరిక ఉంటుంది. అన్నాళ్ళు ఆగలేకపోతే శనివారం రాత్రి షట్టర్ దించాక మొదలుపెట్టండి.

డిస్కు విప్పే ముందు దాని ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది. తెరవగానే పైన ఎడమ పక్కన నీలం డబ్బాలో 'గుడ్' అని కనిపిస్తే సరే. ఎస్‌ఎస్‌డీ అయితే పక్కనే ఎంత శాతం ఆయుష్షు మిగిలిందో కూడా చూపిస్తుంది. పసుపు రంగులో 'కాషన్' అని ఉంటే ఆగండి. ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నా: మీది తిరిగే హార్డ్ డిస్క్ అయితే 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు వెతకండి. వాటి చివర ఉండే ముడి విలువ (రా వాల్యూ) సున్నా ఉండాలి. సీ5లో అంకె ఉందంటే డిస్కు చదవలేకపోతున్న చోట్లు అన్ని ఉన్నాయని. అప్పుడు చాలామంది చేసే పని, వెంటనే చెక్ డిస్క్ పెట్టడం. అది వద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును మొదటి నుంచి చివరి దాకా గీకించడమే అది. ముందు మీకు కావలసిన ఫోల్డర్లను బయటికి తీసుకోండి, తర్వాత డీడీరెస్క్యూ లాంటి పాడైన డిస్కుల కోసమే రాసిన పనిముట్టుతో కాపీ తీయండి. మామూలు క్లోన్ ప్రోగ్రాం అలాంటి డిస్కు మీద ఎర్రర్ చూపించి మధ్యలో ఆగిపోతుంది.

మీ డిస్కు గుడ్ అని వచ్చిందనుకుందాం. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, అక్కడ చెక్ నొక్కి ఫైల్ సిస్టమ్‌లో తప్పులు లేవని చూసుకోండి. డిస్క్ క్లీనప్‌తో చెత్త తీసేయండి. క్లోన్‌కు ఇది తప్పనిసరి కాదు గానీ, పది జీబీ చెత్తను మోసుకుపోవడం దేనికి.

తర్వాత డేటా. క్లోన్ చేస్తున్నాం కదా, మళ్ళీ వేరే కాపీ ఎందుకు అంటారేమో. చేయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, కస్టమర్ల డిజైన్లు, ఫాంట్ల ఫోల్డర్, ట్యాలీ డేటా ఫోల్డర్ ఇవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, అందులో రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడండి. డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ నిజానికి సీ డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి చాలా షాపుల్లో తెలియదు. మీ సీ డ్రైవ్ నిండడానికి సగం కారణం కూడా అదే అయి ఉంటుంది.

లైసెన్సుల సంగతి. విండోస్ యాక్టివేషన్ ముఖ్యంగా మదర్‌బోర్డును చూసుకుంటుంది, డిస్కు మార్చినంత మాత్రాన పోదు. ట్యాలీ విషయంలో మాత్రం జాగ్రత్త. సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అందులో లైసెన్సును సరెండర్ చేసి మళ్ళీ యాక్టివేట్ చేసుకునే వీలుంది. కొత్త డిస్కుతో తెరిచినప్పుడు ఎడ్యుకేషనల్ మోడ్ అని చూపిస్తే కంగారు పడకుండా మళ్ళీ యాక్టివేట్ చేసుకోండి. ఆ ఈమెయిల్ ఎప్పుడో మానేసిన అకౌంటెంట్‌ది అయితే ఆ పంచాయితీ ఇప్పుడే తేల్చుకోండి, అర్ధరాత్రి కాదు.

ఇక క్యాబినెట్ విప్పుదాం. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. మూత తీయగానే ముందు దుమ్ము ఊదేయండి. మన వైపు కంప్యూటర్లకు ఇది మామూలు సలహా కాదు. తాడిపత్రి, బేతంచెర్ల లాంటి బండల పాలిష్ ఊర్ల నుంచి వచ్చే సిస్టమ్‌లు విప్పితే బోర్డు మీద బూడిద రంగు పొడి పేరుకుని ఉంటుంది. అది సాటా సాకెట్ (డిస్కు కేబుల్ దూర్చే చోటు) లోపలికి కూడా పోతుంది. కేబుల్ పెట్టినట్టే ఉంటుంది, డిస్కు మాత్రం ఒకసారి కనిపిస్తుంది, ఇంకోసారి కనిపించదు. అది డిస్కు తప్పనుకుని వాపసు ఇచ్చినవాళ్ళు ఉన్నారు. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

హెచ్81 చిప్‌సెట్‌లో సాటా పోర్టులు నాలుగు ఉంటాయి, కానీ నాలుగూ ఒకటి కాదు. రెండు 6 జీబీపీఎస్‌వి, రెండు 3 జీబీపీఎస్‌వి. బోర్డు మీద పోర్టు పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, టార్చ్ వేసి చూడండి. పాత ఎస్‌ఎస్‌డీ 6 ఉన్న పోర్టులోనే ఉండి ఉంటుంది. రెండో 6 పోర్టు ఖాళీగా ఉంటే కొత్తదాన్ని ప్రస్తుతానికి అందులో పెట్టండి, లేకపోతే 3 ఉన్నదైనా క్లోన్ వరకు పర్వాలేదు. సాటా కేబుల్ కొన లోపల ఎల్ ఆకారంలో గాడి ఉంటుంది, ఒకే వైపు ఎక్కుతుంది. ఎక్కకపోతే తిప్పి చూడండి, బలవంతంగా తోస్తే డిస్కు వైపున్న ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. విరిగితే వారంటీ ఇవ్వరు. ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి సాటా పవర్ కొన మిగలకపోతే డీవీడీ డ్రైవ్‌ది పీకి పెట్టండి. ఈ రోజుల్లో దాన్ని ఎవరు వాడుతున్నారు గనక.

కొత్త డిస్కును సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో బయట తగిలించి కూడా చేయవచ్చు. కాకపోతే వెనకాల నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి. నల్లటి యూఎస్‌బీ 2 పోర్టులో వేగం సెకనుకు 30, 35 ఎంబీ దాటదు, 100 జీబీ దింపడానికి ముప్పావు గంట పైనే. లోపల సాటా నుంచి సాటాకి అయితే టీ తాగి వచ్చేలోపు దాదాపు అయిపోతుంది.

ఏ ప్రోగ్రాం వాడాలి? సామ్‌సంగ్, క్రూషియల్, డబ్ల్యూడీ, కింగ్‌స్టన్ లాంటి కంపెనీలు తమ డిస్కు కొన్నవాళ్ళకు క్లోన్ ప్రోగ్రాం ఉచితంగా ఇస్తాయి. మీది వాటిలో ఒకటైతే ఆ కంపెనీ సైటు నుంచే దించుకుని విండోస్‌లోనే నడపండి, తేలిక. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్ చాలా ఏళ్ళు అందరికీ దిక్కుగా ఉండేది, 2024 జనవరితో దాన్ని ఆపేశారు. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత ఫైలు వేసుకోవద్దు. నేనైతే రెస్క్యూజిల్లా చెబుతాను. ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, మౌస్‌తో నడుస్తుంది. లోపల పనిచేసే యంత్రాంగం క్లోన్‌జిల్లాదే, కానీ క్లోన్‌జిల్లా నల్ల తెర మీద అడిగే ప్రశ్నలకు కొత్తవాళ్ళు బెదిరిపోతారు. 4 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. రెస్క్యూజిల్లా ఐఎస్‌ఓ ఫైలు దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రాంతో అందులోకి ఎక్కించండి.

విండోస్‌ను ఆపేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ముఖ్యం. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. మామూలుగా షట్‌డౌన్ కొడితే అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, సీ డ్రైవ్‌ను కూడా సగం తెరిచే ఉంచుతుంది. బయటి నుంచి వచ్చిన ప్రోగ్రాం అలాంటి డ్రైవ్‌ను ముట్టుకోనంటుంది. షిఫ్ట్‌తో ఆపితే పూర్తిగా ఆగుతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసి బూట్ మెనూ తెరవండి. ఏసస్ బోర్డుకు ఎఫ్8, గిగాబైట్‌కు ఎఫ్12, ఎంఎస్ఐకి, ఆస్‌రాక్‌కి ఎఫ్11. రెస్క్యూజిల్లా తెర వచ్చాక క్లోన్ బటన్ నొక్కండి. ముందు సోర్స్ డిస్కు అడుగుతుంది, తర్వాత డెస్టినేషన్. సోర్స్ అంటే పాత 120, డెస్టినేషన్ అంటే కొత్త 1 టీబీ. తెర మీద పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటాయి. వాటిని నమ్మొద్దు, ఈసారి ఏ అయినది ఇంకోసారి బీ కావచ్చు. డిస్కు మోడల్ పేరు, సైజు చూడండి. మీకు ఒకటి 120, ఇంకోటి 1000 కాబట్టి పొరబాటు పడే వీలు తక్కువ. రెండూ ఒకే సైజు ఉన్నప్పుడు నేను డిస్కు మీది సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు చేతి మీద పెన్నుతో రాసుకుంటాను. చివరగా డెస్టినేషన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడుగుతుంది. అప్పుడు గబుక్కున నొక్కేయకుండా డెస్టినేషన్ పక్కన ఉన్న పేరు పైకి చదివి నొక్కండి. పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్ళ చేత చదివించండి.

అయిపోయాక సిస్టమ్ ఆపి, పాత డిస్కుకు ఉన్న రెండు కేబుళ్ళూ పీకేసి, అదే పోర్టు, అదే కేబుల్ కొత్త డిస్కుకు పెట్టండి. మొదటి బూట్ కొత్త డిస్కు ఒక్కదానితోనే జరగాలి. రెండూ తగిలించి ఆన్ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. చాలామంది చెప్పకుండా వదిలేసే సంగతి ఇది, కాస్త వివరంగా రాస్తాను.

ప్రతి డిస్కుకూ ఒక గుర్తు సంఖ్య ఉంటుంది. విండోస్ తన బూట్ లెక్కలన్నీ ఆ గుర్తుతోనే రాసుకుంటుంది. క్లోన్ చేసినప్పుడు ఆ గుర్తు కూడా అచ్చుగా వస్తుంది కాబట్టి ఇప్పుడు రెండు డిస్కులకూ ఒకే గుర్తు. రెండూ తగిలిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ అని పక్కన పెడుతుంది. మీరు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది చూసి, "అరె, ఇదేంటి ఆఫ్‌లైన్‌లో ఉంది" అని రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ నొక్కుతారు. ఆ క్షణంలో విండోస్ దానికి కొత్త గుర్తు రాసేస్తుంది. ఫైళ్ళు కనిపిస్తాయి, బాగానే ఉందనుకుంటారు. కానీ ఆ డిస్కు ఇక బూట్ కాదు, ఎందుకంటే దాని బూట్ లెక్కల్లో పాత గుర్తే ఉంది. అంటే కొత్తదానికి ఏదైనా అయితే వెనక్కి వెళ్దామని దాచుకున్న పాత డిస్కును మీ చేత్తోనే పాడు చేసుకున్నట్టు. దాన్ని బాగు చేయవచ్చు గానీ ఆ తలనొప్పి ఎందుకు. పాత డిస్కులోంచి ఏదైనా ఫైలు కావాలంటే మామూలు కాపీ తీసిన ఎక్స్‌టర్నల్ ఉంది కదా, అందులోంచి తీసుకోండి.

కొత్త డిస్కుతో విండోస్ మామూలుగా వచ్చేయాలి. రాకపోతే ముందు బయోస్ (విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) లోకి వెళ్ళి బూట్ వరుసలో కొత్త డిస్కు మొదట ఉందా చూడండి. సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ, ఐడీఈ వీటిలో ఏది ఉందో దాన్ని మార్చవద్దు, మారిస్తే నీలం తెర ఖాయం. బయోస్ బ్యాటరీ అయిపోయిన పాత బోర్డుల్లో ప్లగ్ పీకి పెట్టగానే ఈ సెట్టింగ్ దానంతటదే మారిపోయి, తప్పు క్లోన్ మీద పడుతుంది. ఆన్ చేసినప్పుడు గడియారం ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తే బ్యాటరీదే పని. సీఆర్2032 అని అడిగితే ఏ వాచీల షాపులోనైనా ఇస్తారు. అన్నీ సరిగానే ఉన్నా 0ఎక్స్‌సీ000000ఈ అనే ఎర్రర్ వస్తే విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి రిపేర్‌లో స్టార్టప్ రిపేర్ నొక్కండి, చాలావరకు దారిలో పడుతుంది.

ఇప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త డిస్కు 931 జీబీ అని చూపిస్తుంది. "1 టీబీ అని 69 జీబీ కొట్టేశారు" అంటూ నాకు వచ్చే ఫోన్లకు లెక్కలేదు. కంపెనీ లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ వెయ్యికి బదులు 1024తో భాగిస్తూ పోతుంది కాబట్టి అంకె తగ్గి కనిపిస్తుంది, అంతే. మోసం అంటే వేరు. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా దొరికే 2 టీబీ, 4 టీబీ డిస్కులు విండోస్‌లో అంత సైజూ చూపిస్తాయి, లోపల మాత్రం 64 జీబీ ఉంటుంది. ఆ అనుమానం ఉంటే క్లోన్‌కు ముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాంతో మొత్తం నింపి చూడాలి.

తెర మీద వరుసగా చిన్న సిస్టమ్ రిజర్వ్‌డ్, తర్వాత సీ డ్రైవ్, దాని పక్కన అర జీబీ అటూఇటూగా రికవరీ, ఆ తర్వాత నల్ల గీత కింద 800 జీబీ పైగా అన్‌అలొకేటెడ్ అని ఉంటుంది. సీ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ అన్న మాట బూడిద రంగులో ఉండి నొక్కనివ్వదు. మీ ఇంటికీ, పక్కనే మీరు కొన్న ఖాళీ జాగాకీ మధ్య వేరేవాళ్ళ గుడిసె ఉన్నట్టు, ఆ రికవరీ పార్టిషన్ మధ్యలో కూర్చుంది. విండోస్ సీకి కుడి పక్కన ఆనుకుని ఉన్న ఖాళీనే దానికి కలపగలదు. అందుకని రికవరీని కుడివైపుకు జరపాలి, ఎంత దూరమో కింద చెబుతాను, అది చదివాకే మొదలుపెట్టండి. మళ్ళీ రెస్క్యూజిల్లా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, అందులోనే పార్టిషన్లు జరిపే జీపార్టెడ్ ప్రోగ్రాం ఉంటుంది. షిఫ్ట్‌తో షట్‌డౌన్ చేయడం ఇక్కడా మరవొద్దు. రికవరీని పట్టుకుని కుడివైపుకు లాగి, తర్వాత సీని పెంచి, పైన ఉన్న టిక్కు గుర్తు నొక్కితే అప్పుడు పని మొదలవుతుంది. ఇది మాత్రం యూపీఎస్ మీదే చేయండి. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి పేరుకే ఉంటే ముందు ప్లగ్ పీకి పరీక్షించండి. ఒకవేళ ఇక్కడ చెడిపోయినా, పాత డిస్కు ముట్టుకోకుండా పక్కన ఉంది కాబట్టి మళ్ళీ క్లోన్ చేసుకోవచ్చు.

మొత్తం 931 సీకే ఇవ్వవద్దని నా సలహా. సీకి 250 జీబీ చాలు, మిగతాది డీ డ్రైవ్ చేయండి. రికవరీని ఆ 250 తర్వాత పెట్టి, దాని పక్కన డీ వచ్చేలా లాగండి. రేపు విండోస్ ఎప్పుడైనా పాడై నిజంగానే ఫార్మాట్ కొట్టాల్సి వస్తే కస్టమర్ల ఫైళ్ళు డీలో నిమ్మళంగా ఉంటాయి. మీ డిస్కు ఎంబీఆర్ (పార్టిషన్ల జాబితా రాసుకునే పాత పద్ధతి) ది అయి ఉంటుంది, అందులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు. ఇంకా డ్రైవ్‌లు చేద్దామని చూస్తే డైనమిక్ డిస్కుగా మార్చమంటారా అని విండోస్ అడగవచ్చు. నో కొట్టండి. దానికి ఎస్ అన్నాక వెనక్కి రావడం చాలా కష్టం. ఎంబీఆర్‌కు 2 టీబీ వరకే హద్దు, మీది 1 టీబీ కాబట్టి కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చాల్సిన పని కూడా లేదు. తర్వాత మొదటిసారి విండోస్ వచ్చేటప్పుడు డిస్కు చెక్ చేస్తోంది అని తెర మీద పడితే పడనివ్వండి, మధ్యలో ఆపొద్దు.

ఆ తర్వాత ప్రతి ప్రోగ్రాం తెరవండి. పేజ్‌మేకర్‌లో పాత పత్రిక ఒకటి తెరిచి ప్రింట్ కొట్టండి. వేలిముద్ర మెషీన్ పెట్టి చూడండి. ట్యాలీలో ఒక ఎంట్రీ వేసి చూడండి. అన్నీ సరిగా ఉన్నా పాత డిస్కు మీద తేదీ రాసి, కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. కనీసం ఒక నెల, ట్యాలీ నెలాఖరు లెక్కలు ఒకసారి దాటేదాకా.

అయితే దాన్నే ఏళ్ళ తరబడి బ్యాకప్ అనుకోవద్దు. ఎస్‌ఎస్‌డీలో డేటా నిలిచేది చిప్‌లో చిక్కిన విద్యుదావేశం వల్ల. కరెంటు లేకుండా ఉంచితే అది మెల్లగా కారిపోతుంది. బాగా వాడి అరిగిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల్లో ఒక ఏడాది డేటా నిలిపితే చాలన్నది చిప్‌ల కంపెనీల సంఘమైన జెడెక్ పెట్టిన ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. మే నెలలో మన రేకుల షెడ్డు షాపుల్లో 30 డిగ్రీలు ఎక్కడుంటాయి? ఏళ్ళ తరబడి దాచాల్సినదానికి తిరిగే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కే నయం, అది కూడా షాపులో కాదు, ఇంట్లో పెట్టండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు సిస్టమూ, దాని బ్యాకప్పూ ఒకే టేబుల్ మీద ఉన్న షాపుల్లో రెండూ ఒకే నీళ్ళలో మునిగాయి.

నెల తర్వాత పాత డిస్కును అమ్మాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా ఊరికే ఫార్మాట్ కొట్టి ఇవ్వొద్దు. జిరాక్స్ షాపు డిస్కు అంటే ఊళ్ళో సగం మంది ఆధార్, పాన్, పాస్‌బుక్ స్కాన్లు. డిస్కు కంపెనీ ఇచ్చే ప్రోగ్రాంలో సెక్యూర్ ఎరేజ్ అని ఉంటుంది, దానితో చెరపండి.

ఇంకో మాట. క్లోన్ చేస్తే వచ్చేది అదే విండోస్ 10. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. సొంత వాడకందారులకు ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ప్రకటించారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో చేరవచ్చు. నాలుగో జనరేషన్ ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. వేలిముద్రల పని, బ్యాంకు పని చేసే సిస్టమ్ కాబట్టి, ఆ రెండింటికీ వేరే చిన్న సిస్టమ్ కొనే ఆలోచన ఇప్పటి నుంచే పెట్టుకోండి. పేజ్‌మేకర్ మాత్రం ఈ పాతదాని మీదే నెట్ పీకేసి హాయిగా నడుపుకోవచ్చు.

మీ చెల్లెలి ల్యాప్‌టాప్ సంగతి. పద్ధతి అదే, చిక్కులు వేరు. ఈ మధ్య ల్యాప్‌టాప్ అయితే లోపల ఎన్‌వీఎంఈ డిస్కు (బోర్డు స్లాటులోనే దూరే సన్నటి ఎస్‌ఎస్‌డీ) ఉంటుంది, చాలావాటిలో స్లాటు ఒకటే. అంటే కొత్త డిస్కును యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్కు పెట్టి యూఎస్‌బీకి తగిలించే చిన్న డబ్బా) పెట్టి క్లోన్ చేసి తర్వాత మార్చాలి. కొనే ముందు పొడవు చూడండి. ఎక్కువగా దొరికేది 2280, కానీ కొన్ని ల్యాప్‌టాప్‌లలో 2242 లేదా 2230 మాత్రమే పడుతుంది. మొదటి రెండు అంకెలు వెడల్పు, తర్వాతివి పొడవు, మిల్లీమీటర్లలో. ఎన్‌క్లోజర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, అది మామూలే, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఇంటెల్ ల్యాప్‌టాప్ బయోస్‌లో వీఎండీ అని డిస్కులను నడిపే సెట్టింగ్ ఉంటే దాన్ని విండోస్ ఎలా వేసి ఉందో అలాగే వదిలేయండి. రెస్క్యూజిల్లాలో లోపలి డిస్కు కనిపించకపోతే కారణం అదే కావచ్చు. అప్పుడు విండోస్‌లోనే నడిచే కంపెనీ ప్రోగ్రాంతో చేసుకోండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఎన్‌క్రిప్షన్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్కుకు దానంతటదే తాళం పడుతుంది. మీరు పెట్టినట్టు మీకే తెలియదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, పూర్తిగా విప్పుకునేదాకా చార్జర్ పెట్టి వదిలేయండి. క్లోన్ అయ్యి అంతా సరిపోయాక మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. దానికన్నా ముందు 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉండాలి. ఆమె మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తే డివైస్‌ల పేజీలో దొరుకుతుంది. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కీ ఆ కాలేజీ అకౌంట్‌లో ఉండవచ్చు. చదువు అయిపోయి ఆ అకౌంట్ మూసేసి ఉంటే ఇబ్బందే. కాబట్టి ముందు ఫోన్ చేసి ఏ ఈమెయిల్ వాడుతోందో అడగండి, కీ కాగితం మీదికి వచ్చాకే ల్యాప్‌టాప్ స్క్రూలు విప్పండి.